'అవగాహన లేదు' అని రాసే ముందు: వాడలో బిడ్డ ఎదుగుదల, కుటుంబం బలం

ప్రభుత్వ ఆసుపత్రుల్లో, వైద్య శిబిరాల్లో పేద పిల్లల ఎదుగుదల గురించి మాట్లాడేటప్పుడు ఒక మాట తరచూ వినిపిస్తుంది: "తల్లిదండ్రులకు అవగాహన లేదు." ఏడాదిన్నర దాటినా బిడ్డ నడవడం లేదు, ముందే ఎందుకు తీసుకురాలేదంటే అవగాహన లేదు. థెరపీకి రెండు వారాలు వచ్చి మానేశారు, ఎందుకంటే అవగాహన లేదు. ఆ మాటతో విషయం ముగిసిపోతుంది. ఆ ఇల్లు ఊళ్లో ఎక్కడుంది, బిడ్డ పగలంతా ఎవరి దగ్గర ఉంటుంది, జిల్లా కేంద్రానికి వచ్చిపోవాలంటే ఎంత ఖర్చవుతుంది, ఎన్ని కూలి దినాలు పోతాయి అని అడిగేవాళ్లు తక్కువ.

దళిత వాడల్లోని పసిపిల్లల గురించి పనిచేసే కార్యకర్తలు, సోషల్ వర్క్, స్పెషల్ ఎడ్యుకేషన్, మెడిసిన్ చదివే విద్యార్థులు ఈ ప్రశ్నలు అడగడం నేర్చుకోవాలన్నది మా ఉద్దేశం. కుటుంబానికి ఏం కావాలి, కుటుంబం దగ్గర ఏముంది అన్న రెండు విషయాలు తెలియకుండా ఏ పసిబిడ్డకూ సరైన తోడ్పాటు అందదు. ఈ వ్యాసం ఆ రెండింటి గురించే.

తొలి తోడ్పాటు అంటే

పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల లోపు పిల్లల్లో ఎదుగుదల ఆలస్యాన్ని, వైకల్యాన్ని, వాటి ముప్పును ముందే గుర్తించి, బిడ్డకూ ఇంటివాళ్లకూ అండగా నిలవడాన్ని ఎర్లీ ఇంటర్వెన్షన్ అంటారు. మన దగ్గర ప్రభుత్వ బోర్డుల మీద దీన్ని 'సత్వర చికిత్స' అని రాస్తున్నారు. ఆ పేరు వల్ల ఇదంతా డాక్టర్ల పని అనిపిస్తుంది. నిజానికి ఇందులో చికిత్స ఒక భాగం మాత్రమే. తిండి, ఆట, మాట, భద్రత, తల్లి ఆరోగ్యం, ఇంటి ఆదాయం అన్నీ ఇందులోకి వస్తాయి. అందుకే మేము దీన్ని 'తొలి తోడ్పాటు' అంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్, ప్రపంచ బ్యాంకు 2018లో ప్రకటించిన విధాన పత్రం కూడా పసిపిల్లల పెంపకానికి ఐదు అవసరాలు చెప్పింది: ఆరోగ్యం, పోషకాహారం, బిడ్డ సైగలకు స్పందించే పెంపకం, నేర్చుకునే అవకాశాలు, భద్రత.

దేశంలో దీనికి ఒక వ్యవస్థ ఉంది. 1975 అక్టోబర్ 2న మొదలైన ఐసీడీఎస్ కింద అంగన్‌వాడీలు నడుస్తున్నాయి. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. దీని సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లి పిల్లల్ని పరీక్షించాలి. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, వ్యాధులు, ఎదుగుదల ఆలస్యాలు అనే నాలుగు రకాల కింద సమస్యల్ని గుర్తించి, అవసరమైన పిల్లల్ని డీఈఐసీ అని పిలిచే జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మండల స్థాయిలో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉంది.

కాగితం మీద గొలుసు పూర్తిగానే కనిపిస్తుంది. అది తెగేది అంగన్‌వాడీకీ ఇంటికీ మధ్య, రిఫరల్ చీటీకీ బస్సు టికెట్టుకీ మధ్య.

కుటుంబం ఎందుకు ముఖ్యం

వారానికి 168 గంటలు. అన్నీ సవ్యంగా జరిగితే బిడ్డ థెరపిస్టు దగ్గర గడిపేది వాటిలో ఒకటో రెండో గంటలు. మిగతా సమయమంతా తల్లి, నాయనమ్మ, అక్క, పక్కింటి పిన్ని దగ్గరే. పసిబిడ్డ నేర్చుకునేది అన్నం తినేటప్పుడు, నీళ్లు పోసుకునేటప్పుడు, ఎత్తుకున్నప్పుడు, ఆడుకునేటప్పుడు. కాబట్టి థెరపిస్టు తన గంటలో బిడ్డకు ఏం చేశారన్న దానికన్నా, మిగతా గంటల్లో ఇంటివాళ్లు చేయగలిగేది ఏం నేర్పారన్నది ఎక్కువ ఫలితం ఇస్తుంది. ఇంటి పరిస్థితి తెలియకుండా అది నేర్పలేరు. పొద్దున ఆరింటికి పనికి పోయే తల్లికి "రోజూ ఉదయం అరగంట, సాయంత్రం అరగంట ఈ వ్యాయామం చేయించండి" అని చెప్తే, ఆమె తలూపి ఇంటికి పోతుంది. తర్వాతిసారి రాదు.

ఈ ఆలోచనకు ఒక చరిత్ర ఉంది. అమెరికాలో 1986లో వచ్చిన చట్టం, మూడేళ్ల లోపు పిల్లలకు రాసే ప్రణాళికను బిడ్డ పేరున కాకుండా కుటుంబం పేరున రాయాలంది. అందులో 'కుటుంబ బలాలు, అవసరాలు' నమోదు చేయాలంది. 1991 సవరణలో ఆ మాటలు మారాయి. వాటి స్థానంలో కుటుంబానికి ఉన్న వనరులు, కుటుంబం ముందు కోరుకునేవి, కుటుంబానికి ఉన్న ఆందోళనలు అని రాశారు. పైకి చిన్న మార్పు. కానీ 'నీ బలం ఇది, నీ లోపం ఇది' అని బయటివాళ్లు తీర్పు చెప్పడానికీ, 'మాకు ముందు ఇది కావాలి' అని కుటుంబమే చెప్పడానికీ మధ్య ఉన్న తేడా అందులో ఉంది.

మన దేశంలోనూ ఈ పని జరిగింది. సికింద్రాబాద్ సంస్థ పరిశోధకులు 1990లలోనే మేధో వైకల్యం ఉన్న పిల్లల కుటుంబాల అవసరాలు తెలుసుకోవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో తల్లిదండ్రులతో పాటు తోబుట్టువులకు, అవ్వాతాతలకు కూడా విడిగా ప్రశ్నలున్నాయి. భారతీయ కుటుంబంలో బిడ్డను పెంచేది ఇద్దరే కాదని వాళ్లు గుర్తించారు. ఇలాంటి పనిముట్లలో కులం ఏ గడిలో పడుతుందన్నది మనం వేసుకోవాల్సిన తర్వాతి ప్రశ్న.

వాడలో అవసరాలు

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. షెడ్యూల్డు కులాల పిల్లల్లో ఇది దాదాపు 39 శాతం. అదే సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. తిండి, రక్తం తక్కువైన బిడ్డ ఆటలో వెనకబడుతుంది, మాటలో వెనకబడుతుంది. ఈ వెనకబాటు ఎక్కడ మొదలైందో తెలియాలంటే బిడ్డ కన్నా ముందు ఆ ఇంటికి ఏం దక్కిందో చూడాలి. మా అనుభవంలో అవసరాలు ఇలా కనిపిస్తాయి.

మొదటిది కూలి. జిల్లా కేంద్రానికి ఒకసారి వెళ్లి రావడమంటే ఒక రోజు కూలి పోవడం, ఇద్దరు వెళ్తే రెండు. మిరప కోతలు, పత్తి తీతలు, నాట్ల కాలంలో ఒక రోజు మానితే ముఠాలో చోటు పోవచ్చు. "థెరపీకి ఎందుకు రాలేదు" అన్న ప్రశ్నకు చాలాసార్లు సమాధానం ఇదే.

రెండోది వలస. ఇటుక బట్టీలకో, నగరంలో భవన నిర్మాణ పనులకో పోయే కుటుంబాల పిల్లల పేరు ఊళ్లోని అంగన్‌వాడీ రిజిస్టర్‌లో ఉంటుంది, బిడ్డ ఉండదు. బృందం వచ్చిన రోజున బిడ్డ ఊళ్లో లేకపోతే మళ్లీ ఆరు నెలలు. పసితనంలో ఆరు నెలలు చిన్న కాలం కాదు.

మూడోది చోటు. అంగన్‌వాడీ ఊరి నడుమ ఉండి, వాడ ఊరి చివర ఉంటే, దూరం మీటర్లలో ఉండదు. బిడ్డను ఎక్కడ కూర్చోబెడతారు, ఏ గ్లాసులో నీళ్లిస్తారు, దళిత ఆయా వండితే ఎవరెవరు తింటారు అన్నవి ఆ దూరంలో భాగాలే.

నాలుగోది మర్యాద. పక్క బెంచీ మీది తల్లిని 'మీరు' అని, వాడ నుంచి వచ్చిన తల్లిని 'ఏమ్మా, నువ్వు' అని పిలవడం ఆమెకు వెంటనే తెలుస్తుంది. బిడ్డను ముట్టుకోకుండా దూరం నుంచి చూసి చీటీ రాసినా తెలుస్తుంది. అలా పిలిచిన చోటికి మళ్లీ రాకపోవడం అవగాహన లేకపోవడం కాదు, అనుభవం.

ఐదోది కాగితాలు. సదరం స్లాటు, సర్టిఫికెట్టు, యూడీఐడీ కార్డు, ఆధార్, పింఛను. ఒక్కొక్క దానికి ఒక్కో కౌంటరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలు. కూలి ఇంటికి ఈ డబ్బు బిడ్డ పాలకు, బస్సు ఛార్జీలకు ఆధారం. అయినా థెరపీ ప్రణాళికలో పింఛను దరఖాస్తు అనే అంశం చాలా అరుదుగా కనిపిస్తుంది.

ఆరోది తల్లి. ఆమె రక్తహీనత, నిద్ర, ఆమె మీద పడే నింద. బిడ్డకు వైకల్యం ఉంటే "నీ వల్లే" అనే మాట అత్తింట్లో వినపడుతుంది, మేనరికం చేసుకున్నందుకు ఆసుపత్రిలో తిట్లు పడతాయి. ఆమె గుండె దిగులుకు ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు. అంబేడ్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ, తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశ ప్రయోజనమని వాదించారు. తొలి తోడ్పాటు ఆ వాదనకు కొనసాగింపే.

వాడలో బలాలు

అవసరాల జాబితా ఒక్కటే రాస్తే ఆ కుటుంబం లోపాల మూటలా కనిపిస్తుంది. అది నిజం కాదు.

వాడలో బిడ్డకు చేతులు ఎక్కువ. తల్లి పనికి పోతే నాయనమ్మ, ఆమె లేకపోతే ఎదురింటి పెద్దమ్మ. ఒకే బిడ్డతో రోజంతా పది మంది మాట్లాడతారు. మాట ఆలస్యమైన బిడ్డకు దీనికి మించిన బడి లేదు. పసిబిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని నూనె రాసి, నలుగు పెట్టి, నీళ్లు పోయడంలో అవ్వలకు ఉన్న చేతివాటం ఫిజియోథెరపిస్టుకు పెద్ద ఆసరా. బిగుసుకున్న కాలిని ఎలా వదులు చేయాలో ఒకసారి చూపిస్తే రోజూ నీళ్లు పోసే వేళ అదే వ్యాయామమవుతుంది. డప్పు మోగే ఇంట్లో బిడ్డ చప్పుడు వైపు తల తిప్పుతుందో లేదో ముందు గమనించేది ఇంటివాళ్లే. ఎవరి ఇంట్లో బిడ్డకు జ్వరమొచ్చినా ఆటో ఎవరిది, చేబదులు ఎవరిస్తారు అన్నది గంటలో తేలిపోయే ఇరుగుపొరుగు ఉంది. మహిళా పొదుపు సంఘం ఉంది. అంబేడ్కర్ యువజన సంఘం కుర్రాళ్లలో ఆన్‌లైన్ దరఖాస్తు చేయగలవాళ్లు ఉన్నారు. చర్చిలో ఆదివారం అందరూ కలుస్తారు.

అన్నిటికన్నా పెద్ద బలం, తల్లికి తన బిడ్డ తెలియడం. ఏ ఏడుపు ఆకలిది, ఏ ఏడుపు నిద్రది, ఎవరిని చూస్తే నవ్వుతుంది, ఏ పక్కకు తిప్పితే అరుస్తుంది అన్నది పదిహేను నిమిషాల పరీక్షలో ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. 'కుటుంబ బలం' అనే మాటను బాధ్యత తప్పించుకోవడానికి కూడా వాడొచ్చు. "మీ వాళ్లు కలిసికట్టుగా ఉంటారు, చూసుకుంటారు" అని చెప్పి థెరపిస్టు పోస్టు ఖాళీగా ఉంచితే అది మోసం. నాయనమ్మ చేతివాటం ఫిజియోథెరపిస్టుకు తోడు, బదులు కాదు. పెద్దక్క తమ్ముణ్ణి బాగా ఆడిస్తుందని ఆమెను బడి మాన్పిస్తే ఒక బిడ్డ హక్కు కోసం ఇంకో బిడ్డ హక్కు తీసేసినట్టే. బలాల గురించి మాట్లాడిన ప్రతిసారీ ప్రభుత్వం ఏం ఇవ్వాలో కూడా పక్కనే రాయాలి.

ఎలా అడగాలి

ఫారం తీసి ప్రశ్నలు చదవడం మొదలుపెడితే ఇంటివాళ్లు సర్వేకి చెప్పినట్టే చెప్తారు. అమెరికా పరిశోధకుడు రాబిన్ మెక్‌విలియం అభివృద్ధి చేసిన పద్ధతి ఒకటి ఇక్కడ బాగా పనికొస్తుంది. బిడ్డలో ఏం లోపమని అడగకుండా, ఇంట్లో ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పమని అడగడం దాని సారాంశం.

"పొద్దున మీ ఇంట్లో ముందు లేచేదెవరు? బిడ్డ లేచాక ఎవరి దగ్గరికి పోతుంది? అన్నం ఎవరు పెడతారు, తనంతట తాను ఏం తింటుంది? మీరు పనికి పోయాక ఎక్కడ ఉంటుంది? రోజు మొత్తంలో మీకు ఎక్కువ కష్టమనిపించేది ఏ వేళ? బాగుందనిపించేది ఏ వేళ? ఒక్క విషయం మారాలంటే ముందు ఏది మారాలి?" ఇలా అడిగితే అవసరాలూ బలాలూ వాటంతటవే బయటకొస్తాయి.

ఇంకొక పని, పటం గీయడం. కాగితం నడుమ ఇంటిని గీసి, చుట్టూ ఆ ఇంటికి ఆసరా అయ్యేవాళ్లను రాయాలి: చుట్టాలు, మేస్త్రీ, అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, సంఘం, పాస్టరు, అప్పులిచ్చే వ్యక్తి. గట్టి బంధానికి లావు గీత, బలహీనమైన దానికి చుక్కల గీత, ఇబ్బంది పెట్టే బంధానికి వంకర గీత. చదువు రాని అవ్వ కూడా ఈ పటం చూసి తప్పు దిద్దగలదు. అప్పులిచ్చే వ్యక్తి దగ్గర లావు గీత, ఆరోగ్య కేంద్రం దగ్గర చుక్కల గీత పడితే ఆ వాడ పరిస్థితి ఒక్క చూపులో అర్థమవుతుంది.

కొన్ని నియమాలు మరవకూడదు. పని నుంచి తిరిగొచ్చాక, వాళ్లకు వీలైన వేళ వెళ్లాలి. 'మీరు' అని పిలవాలి. ఇంట్లో కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగాలి. చెప్పడం ఇష్టం లేనిది చెప్పనక్కర్లేదని ముందే చెప్పాలి. ఫొటో తీయొద్దు. తాయెత్తు కనిపిస్తే ఎగతాళి చేయొద్దు. తాయెత్తు కట్టిన తల్లి బిడ్డలో తేడాను అందరికన్నా ముందు గమనించిన మనిషి.

ఒక ఉదాహరణ

అర్థం కావడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. పాపకు ఇరవై నెలలు, ఇంకా నడవదు. తల్లి మిరప కోతలకు పోతుంది, తండ్రి హమాలీ. పాపను చూసుకునేది నాయనమ్మ. తొమ్మిదేళ్ల అక్క బడికి పోతుంది. మామూలు చీటీలో "ఎదుగుదల ఆలస్యం, వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ" అని ఉంటుంది. అది జరగదు.

ఇంటి రోజు అడిగి తెలుసుకుంటే వేరే ప్రణాళిక వస్తుంది. తల్లి ముందు కోరుకునేది నడక కాదు. తను పనికి పోయినప్పుడు ఆరు పదులు దాటిన అత్త పాపను ఎత్తుకోలేక పడిపోతుందేమోనన్న భయం తీరడం. కాబట్టి మొదటి లక్ష్యం: పాప నులక మంచం పట్టుకుని తనంతట తాను నిలబడాలి. నాయనమ్మ మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నప్పుడు పాపను మంచం కోడు దగ్గర నిలబెట్టి, అందీ అందకుండా గిన్నె పెడుతుంది. నీళ్లు పోసేటప్పుడు కాళ్ల వ్యాయామం. దీన్ని ఫిజియోథెరపిస్టు నాయనమ్మకు స్వయంగా చూపించాలి, తల్లికి చెప్పి పంపడం కాదు. అక్క సాయంత్రం ఆడిస్తుంది, బడి మానదు. జిల్లా కేంద్రానికి నెలకొకసారి, కోతలు లేని రోజున. రక్త పరీక్ష స్థానిక ఆరోగ్య కేంద్రంలో. సదరం స్లాటు సంఘం కుర్రాడు బుక్ చేస్తాడు. అంగన్‌వాడీ గుడ్డు, పాలు పాప తింటోందా, ఇంట్లో పంచుకుంటున్నారా అన్నది టీచరు చూస్తుంది. మూడు నెలలకు అందరూ కూర్చుని మళ్లీ చూస్తారు.

ఇందులో ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు. కానీ ఎవరో ఒకరు ఆ ఇంటికి వెళ్లి, కూర్చుని, విని, రాయాలి. ఆ మనిషికి జీతం, శిక్షణ, ప్రయాణ భత్యం ఉండాలి.

హక్కుగా అడగాల్సినవి

2016 వికలాంగుల హక్కుల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, ముప్పు ఉన్న పిల్లల్ని గుర్తించడానికి ఏడాదికి కనీసం ఒకసారి పిల్లలందరినీ పరీక్షించే చర్యలు ప్రభుత్వం తీసుకోవాలి. 'పిల్లలందరినీ' అన్న మాటలో బట్టీల దగ్గరున్న పిల్లలూ ఉన్నారు. సుప్రీంకోర్టు పీయూసీఎల్ కేసులో 2004లోనే ఎస్సీ, ఎస్టీ నివాసాల్లో అంగన్‌వాడీలు పెట్టాలంది. 2006 డిసెంబర్ 13 ఆదేశంలో, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని చోట అడిగిన మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలని చెప్పింది. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆసుపత్రి, ఆరోగ్య కేంద్రం, విద్యాసంస్థల్లోకి ప్రవేశాన్ని కులం పేరుతో అడ్డుకోవడం నేరం. 2023 నవంబర్‌లో కేంద్రం అంగన్‌వాడీల్లో వికలాంగ పిల్లల కోసం ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఎస్సీల నిధులు ఎస్సీలకే ఖర్చు కావాలని అంటున్నాయి. ఆ నిధుల్లో పసిపిల్లల ఎదుగుదలకు ఎంత పోతోందని గ్రామసభలో అడగొచ్చు.

సమాచార హక్కు దరఖాస్తు ఒక్కటి చాలా చెప్తుంది. మీ జిల్లాలో గత ఏడాది సంచార బృందాలు ఎంతమంది పిల్లల్ని సత్వర చికిత్సా కేంద్రానికి పంపాయి, ఎంతమంది అక్కడికి చేరారు, ఎంతమంది ఆరు నెలలు కొనసాగారు, వాళ్లలో ఎస్సీ, ఎస్టీ పిల్లలెంతమంది, ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు పోస్టులెన్ని, ఖాళీలెన్ని. కులం వారీగా లెక్క లేదని జవాబొస్తే, అది ఎందుకు లేదన్నది తర్వాతి దరఖాస్తు.

విద్యార్థులకు మా సూచన ఒకటే. ఈసారి ఫీల్డు వర్కుకు వెళ్లినప్పుడు ఒక్క వాడలో ఒక్క కుటుంబంతో కూర్చుని వాళ్ల రోజు ఎలా గడుస్తుందో రాయండి, ఆసరా పటం గీయండి. రాసింది వాళ్లకే చదివి వినిపించి, తప్పులు దిద్దించుకోండి. ఒక ప్రతి వాళ్లకిచ్చి రండి. వచ్చే శిబిరానికి ఆ తల్లి బిడ్డతో పాటు ఆ కాగితాన్నీ తీసుకెళ్తుంది. బల్ల అవతల కూర్చున్నవాళ్లు ఈసారి అందులో ఏముందో చదివే మాట్లాడాలి.